మహబూబ్‌నగర్‌లో ఎయిర్‌పోర్ట్ గ్రౌండ్ స్టాఫ్ కోర్సు: రూ. 55,000కు దక్కినదీ, దక్కనిదీ

మహబూబ్‌నగర్ బస్టాండుకు నడక దూరంలో, బట్టల దుకాణం పై అంతస్తులో నడుస్తున్న ఒక శిక్షణ సంస్థలో నేను 2024 సంక్రాంతి తర్వాత చేరి, మూడు నెలల ఎయిర్‌పోర్ట్ గ్రౌండ్ స్టాఫ్ కోర్సు పూర్తి చేశాను. ప్రస్తుతం శంషాబాద్ విమానాశ్రయంలో, విమాన సంస్థల కోసం చెకిన్, సామాను పనులు చూసే ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ తరఫున చెకిన్ కౌంటర్లో పని చేస్తున్నాను. ఉద్యోగం రాని అక్కసుతో రాస్తున్న మాటలు కావని తెలియడానికే ఈ సంగతి ముందుగా చెబుతున్నాను. ఆ సంస్థతో డబ్బు వివాదం ఇంకా తెగలేదు గనుక పేరు రాయడం లేదు. అయినా జడ్చర్లలోనో, వనపర్తిలోనో, నల్లగొండలోనో ఇలాంటి ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టబోతున్న వారికి పేరు కన్నా లోపల ఏం జరుగుతుందన్నదే ఎక్కువ ఉపయోగం.

చేరిన రోజు మా నాన్న కూడా వచ్చారు. కౌన్సెలర్‌గా కూర్చున్న మేడం ‘హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని వివరిస్తుంటే చివరిదాకా విని, “ఉద్యోగం ఇప్పిస్తరా మేడం, ఇంటర్వ్యూ సూపిస్తరా?” అని ఒక్కటే అడిగారు. ఆమె నవ్వి, “రెండూ ఒకటే కదా అంకుల్” అన్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఏ ఖర్చు ఎవరి మీద ఉంటుందో మాట తెంపుకోకుండా ముంబయి బస్సు ఎక్కని మనిషి ఆయన. ఇంకా అడగబోతుంటే నేనే మోచెయ్యి పట్టుకుని ఆపాను. ఈ సమీక్షలో నా తప్పు అంటూ ఒకటి ఉంటే అది ఇదే.

ఫీజు రూ. 55,000, మూడు వాయిదాలు. యూనిఫాం, బూట్లు, స్కార్ఫు కలిపి మరో రూ. 3,500. ఉద్యోగం వచ్చాక ‘ప్లేస్‌మెంట్ ఛార్జి’ కింద రూ. 15,000 కట్టాలని దరఖాస్తు వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టేటప్పుడు నేను ఆ పేజీ తిప్పలేదు. పైగా ‘వెరిఫికేషన్ కోసం’ అంటూ పదో తరగతి మెమో ఒరిజినల్ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. దానికి రశీదు అడగాలని ఆ రోజు నాకు తోచలేదు.

ఇక బాగున్నది చెబుతాను. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు ఉద్యోగం పోగొట్టుకుని, ఆ తర్వాత బోధన వైపు వచ్చిన సార్ ఒకరు వారానికి మూడు రోజులు హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చి పాఠం చెప్పేవారు. తరగతి గదిలో ప్లైవుడ్‌తో చేసిన ఒక కౌంటర్, దాని పక్కన వడ్లు తూచే పాత కాటా ఉండేవి. మొదటి రోజు దాన్ని చూసి మేమందరం నవ్వుకున్నాం. సార్ ఒక సూట్‌కేసులో ఇసుక సంచులు వేసి, ఒక్కొక్కరిని పిలిచి, చేత్తో లేపి ఎన్ని కిలోలో చెప్పమనేవారు. దేశీయ ప్రయాణంలో ఎక్కువ టికెట్ల మీద 15 కిలోలే ఉచితం గనుక 15 దాటిందో లేదో చెయ్యి చెప్పాలని, ఒకే సంచి 32 కిలోలు మించితే అదనపు డబ్బు కడతామన్నా తీసుకోకూడదని, ఎందుకంటే దాన్ని కింద విమానంలోకి ఎక్కించేది ఒక మనిషి నడుమేనని ఆయన చెప్పిన తీరు వల్ల ఆ అంకె నేను ఇప్పటికీ మరచిపోలేదు. సంచి పిడికి పాత ట్యాగు మిగిలి ఉంటే ముందు దాన్ని పీకేసిన తర్వాతే కొత్తది చుట్టాలని, లేకపోతే బెల్టు మీది యంత్రం పాత బార్‌కోడ్ చదివి సామానును మరో ఊరికి పంపే ప్రమాదముందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఈరోజు కౌంటర్లో నా చెయ్యి ముందుగా పోయేది ఆ పిడి మీదికే.

విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు కూడా బట్టీ పట్టించలేదు. హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, తిరుపతికి టీఐఆర్, విశాఖకు వీటీజెడ్, కర్నూలుకు కేజేబీ అని రాయించి, చెన్నైకి ఎంఏఏ, ముంబయికి బీఓఎం, కోల్‌కతాకు సీసీయూ ఎందుకున్నాయో మమ్మల్నే ఆలోచించమన్నారు. ఊళ్ల పేర్లు మారినా సామాను ట్యాగుల మీద మద్రాసు, బొంబాయి, కలకత్తా ఇంకా బతికే ఉన్నాయన్న మాట. పీఎన్‌ఆర్‌ను ఫోనులో చదివేటప్పుడు ఎం, ఎన్ అక్షరాలూ, బీ, పీ, డీ అక్షరాలూ అవతలివారికి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి మైక్, నవంబర్, బ్రావో, పాపా, డెల్టా అని పలకడం అలవాటు చేయించారు. నా పక్కన కూర్చునే దేవరకద్ర అమ్మాయి వాళ్లింట్లో కోళ్లకు ఈ పేర్లు పెట్టిందని చెప్పేది. నిజమో కాదో నేను వెళ్లి చూడలేదు.

అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చింది మాటతీరు మీద ఆయన చెప్పిన పాఠం. ప్రయాణికుడు ఏదైనా అడిగినప్పుడు మన చేతిలో లేనిది ముందే లేదని చెప్పాలి, ఆ వెంటనే మన చేతిలో ఉన్నది చేసి చూపాలి, ‘చూద్దాం సార్’ అన్న మాటను మాత్రం నోటి నుంచి రానీయకూడదు అనేవారు. ఎదుటి మనిషిని నిలబెట్టి ఆశ పెట్టడం కోపం తెప్పించడం కన్నా చెడ్డదని ఆయన అభిప్రాయం. అదే మాట కౌన్సెలర్ మేడానికి కూడా చెప్పి ఉంటే బాగుండేది.

మిగతా కోర్సు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ పేరుతో వీడియోలు, చీరకట్టు, జుట్టు ముడి, లిప్‌స్టిక్ రంగు ఎంపిక. హిందీ అసలు నేర్పలేదు; శంషాబాద్ కౌంటర్లో సగం మాటలు హిందీలోనే నడుస్తాయి. ర్యాంపు పని, అంటే విమానం ఆగగానే చక్రాలు కదలకుండా చాక్‌లనే అడ్డుదిమ్మలు పెట్టడం, కోన్‌లు నిలపడం, బెల్ట్ లోడర్‌తో సామాను దించడం, విమానాన్ని వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్ వంటివి రెండు స్లైడ్లలో ముగించారు. మా బ్యాచిలో సగం మంది మగపిల్లలు ఆ పనికే వెళ్లవలసినవారు. ‘ఎయిర్‌పోర్ట్ సందర్శన’కు తలా రూ. 800 వసూలు చేసి బస్సులో తీసుకెళ్లారు. టికెట్టో పాసో లేనిదే గేటు దగ్గర కాపలా ఉండే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు టెర్మినల్ లోపలికి అడుగు పెట్టనివ్వరని నిర్వాహకులకు తెలియకుండా ఉండదు. డిపార్చర్స్ ముందున్న రోడ్డు మీద నిలబడి ఫొటోలు తీసుకుని, తిరుగు దారిలో షాద్‌నగర్‌లో భోంచేసి వచ్చాం.

ఆ తర్వాత వచ్చింది అసలు విషయం, ప్లేస్‌మెంట్. మూడు నెలలు ముగిశాక రెండు ‘డ్రైవ్’లు జరిగాయి. మొదటిది విమానాశ్రయంలోని ఒక దుకాణంలో అమ్మకాల పని. అది గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగమే కాదు. రెండోదానికి అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ గదికి పంపారు. ఐదు నిమిషాలు మాట్లాడి అందరినీ సెలెక్ట్ చేసి, ‘ఎయిర్‌పోర్ట్ పాసుకు, యూనిఫాంకు డిపాజిట్’ కింద రూ. 25,000 కట్టమన్నారు. నేను బయటికి వచ్చి సార్‌కు ఫోన్ చేస్తే, ఆయన “అమ్మా, ఆ పాసు డబ్బుకు దొరికే వస్తువు కాదు, వెంటనే బస్సెక్కి ఇంటికి పో” అన్నారు.

ఆ పాసు సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసాలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. విమానాశ్రయంలో పని చేసే ప్రతివారికీ ఫొటో ఉన్న ప్రవేశ పాసు కావాలి. దాన్ని పౌర విమానయాన భద్రతా సంస్థ అయిన బీసీఏఎస్ ఇస్తుంది. మనం సొంతంగా దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదు. మనల్ని పనిలోకి తీసుకున్న సంస్థే మన తరఫున పెట్టాలి, పోలీసు విచారణ పూర్తి కావాలి, భద్రతా అవగాహన శిక్షణ ముగియాలి. ప్రమాదకర వస్తువుల శిక్షణను కూడా చేరాక సంస్థే ఇప్పిస్తుంది. తొమ్మిది తరగతుల ప్రమాదకర వస్తువులు, పవర్ బ్యాంకు చెకిన్ సామానులో కాకుండా చేతి సంచిలోనే ఎందుకు ఉండాలి వంటివన్నీ నేను నేర్చుకున్నది అక్కడే. కనుక ‘మా సర్టిఫికెట్ ఉంటేనే పాసు వస్తుంది’ అని ఏ శిక్షణ సంస్థ చెప్పినా అది అబద్ధం. ఉద్యోగం ఇవ్వడానికి తాము ఎవరి దగ్గరా డబ్బు తీసుకోమని ఇండిగో, ఎయిర్ ఇండియా వంటి సంస్థలు తమ వెబ్‌సైట్లలోనే హెచ్చరికలు పెట్టాయి.

నిజంగా ఉద్యోగాలిచ్చే దారులు మూడు. విమాన సంస్థలు నేరుగా తీసుకునేవి కొన్ని. వాటి అనుబంధ సంస్థలు తీసుకునేవి కొన్ని. ఎయిర్ ఇండియా శాట్స్ వంటి గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థలు తీసుకునేవి కొన్ని. ఇవి కాక, కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ ఉంది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లినా ఇది ప్రభుత్వం దగ్గరే మిగిలింది. ఆ సంస్థ వివిధ విమానాశ్రయాలకు వాక్-ఇన్ ప్రకటనలు, అంటే నేరుగా ఇంటర్వ్యూకు రమ్మనే ప్రకటనలు వేస్తుంటుంది. సామాను ఎత్తి దించే హ్యాండీమన్‌కు పదో తరగతి, ర్యాంప్ డ్రైవర్‌కు పదో తరగతితో పాటు హెవీ వాహనాల లైసెన్సు, ర్యాంప్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌కు డిప్లొమా లేదా ఐటీఐతో పాటు అదే లైసెన్సు, కస్టమర్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌కు డిగ్రీ అడుగుతారు. దరఖాస్తు రుసుము రూ. 500, ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు అదీ లేదు. ఉద్యోగం మూడేళ్ల ఒప్పందం మీద ఉంటుంది. ఈ అర్హతల్లో ఎక్కడా మూడు నెలల ప్రైవేటు కోర్సు తప్పనిసరి కాదన్నది గమనించాలి. మా బ్యాచిలో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదివిన అచ్చంపేట తమ్ముడు ఒకడు ఉండేవాడు. అదే రూ. 55,000లో కొంత పెట్టి హెవీ లైసెన్సు దారి పట్టి ఉంటే వాడికి మాకన్నా ముందే పని దొరికేది. కౌన్సెలింగ్ రోజున ఆ ముక్క వాడికి ఎవరూ చెప్పలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది ఆగస్టులో, పేపరు ప్రకటన చూసి వెళ్లిన వాక్-ఇన్‌లో. తెల్లవారుజామున బస్సెక్కి శంషాబాద్‌లో దిగితే, ఆ హోటల్ మెట్ల నుంచి గేటు దాకా అప్పటికే వరుస ఉంది. ముందు ఎత్తు, బరువు చూశారు. చేతులు, మెడ మీద పచ్చబొట్లు ఉన్నాయేమో చూశారు. ఎనిమిది మందిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్ పెట్టారు. చివరి గదిలో ఇద్దరు. “విమానానికి ఇంకా యాభై నిమిషాలే ఉంది, కౌంటర్ మూసేశారు, తల్లి చనిపోయిందని ఏడుస్తూ ఒకామె వచ్చింది, ఏం చేస్తారు?” అని అడిగారు. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటర్ మూస్తారని నాకు తెలుసు. మూసిన కౌంటర్‌ను తెరిచే అధికారం నాకు లేదని ఆమెతో స్పష్టంగా చెబుతానని, అదే నిమిషంలో డ్యూటీ మేనేజర్‌కు విషయం తెలియజేస్తానని, ఆయన జవాబు వచ్చేలోపు తర్వాతి విమానంలో సీటు ఉందేమో చూసి ఉంచుతానని, ఆమెను మాత్రం వరుసలో నిలబెట్టనని చెప్పాను. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ జవాబు సార్‌దే; నేను గొంతు మాత్రమే ఇచ్చాను. ఈ సంస్థకు ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నానంటే ఆ రెండూ ఆయనవే.

సెలెక్ట్ అయ్యాక పాసు కోసం కాగితాలు అడిగినప్పుడు అసలు చిక్కు బయటపడింది. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది, డిగ్రీ మెమోలో ఆ పొడి అక్షరం కూడా తప్పు పడింది. మన వైపు ఇది ప్రతి ఇంట్లో ఉన్న సంగతే, ఇన్నాళ్లూ దేనికీ అడ్డు రాలేదు. పోలీసు విచారణకు వెళ్లే దరఖాస్తులో మాత్రం అన్ని కాగితాల్లో ఒకే పేరు ఉండాలన్నారు. ఆధార్ మార్పించడానికి ఒరిజినల్ మెమో కావాలి. మెమో శిక్షణ సంస్థ బీరువాలో ఉంది. వెళ్లి అడిగితే, ప్లేస్‌మెంట్ ఛార్జి రూ. 15,000 కట్టి తీసుకెళ్లమన్నారు. ఉద్యోగం మీరు చూపింది కాదు కదా అంటే, కోర్సు ముగిసిన ఆరు నెలల్లోపు ఎక్కడ ఉద్యోగం వచ్చినా ఛార్జి వర్తిస్తుందన్న ఆ వెనుక పేజీని చూపించారు. నాలుగు సార్లు తిరిగాక, మా నాన్న వచ్చి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రిసెప్షన్ కుర్చీలో ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాక మెమో చేతికి వచ్చింది. ఈలోగా మూడు వారాలు గడిచాయి. నాతో పాటు ఎంపికైనవారు నాకన్నా ముందే చేరి, సీనియారిటీలో ముందున్నారు. కోర్సులో ఒక్క గంట కేటాయించి అందరి మెమోలు, ఆధార్‌లు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. లిప్‌స్టిక్ రంగుల మీద రెండు రోజులు గడిపిన చోట ఒక గంట దొరకదా?

ఉద్యోగం గురించి కూడా ఫ్లెక్సీలో లేని రెండు మాటలు. కోతలు పోగా నా చేతికి వచ్చేది రూ. 17,000 చిల్లర; కౌన్సెలింగ్‌లో చెప్పింది ‘స్టార్టింగే ముప్పై వేలు’. తెల్లవారుజామున నాలుగింటి షిఫ్టుకు మహబూబ్‌నగర్ నుంచి ఏ బస్సూ, ఏ రైలూ అందదు. శంషాబాద్ దగ్గరి ఉందానగర్ స్టేషన్లో దిగి వెళ్లవచ్చని శిక్షణ సంస్థలో చెప్పిన దారి పగటి షిఫ్టుకు తప్ప పనికిరాదు. అందుకని శంషాబాద్‌లో హాస్టల్, నెలకు రూ. 6,500. తొమ్మిది గంటలు నిలబడే పని, పండుగ రోజుల్లో రద్దీ ఎక్కువ గనుక దసరాకు సెలవు దొరకదు. ఇవన్నీ తెలిసినా నేను చేరేదాన్నే, పని నాకు నచ్చింది. అయితే చేరేముందు తెలిసి ఉంటే ఇంట్లో లెక్క వేరేగా వేసుకునేవాళ్లం.

ఆ రూ. 15,000 కోసం సంస్థ నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, రూ. 5 లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు ఉండదు. కోచింగ్ సంస్థలు ఉద్యోగ భద్రత పేరుతో తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది; ఆ కాగితాన్ని కూడా ఫిర్యాదుకు జతపరిచాను. సార్ ఇప్పుడు అక్కడ చెప్పడం లేదని విన్నాను, కనుక కొత్తగా చేరేవారికి ఆ రెండు నక్షత్రాలు కూడా దక్కకపోవచ్చు.

మొన్న సెలవుకు ఊరికి వెళ్తూ చూస్తే, సంస్థ ముందు వేలాడుతున్న కొత్త ఫ్లెక్సీలో ‘మా విజేతలు’ అన్న శీర్షిక కింద రెండో వరుసలో యూనిఫాంతో నా ఫొటో ఉంది. అనుమతి ఎవరూ అడగలేదు. తీసేయమని రాతపూర్వకంగా ఇచ్చి, ఈసారి రశీదు మీద సంతకం కూడా తీసుకున్నాను. ఫొటో కింద నా పేరు ముందు వేసిన ఇంటిపేరు పొడి అక్షరం తప్పు. డిగ్రీ మెమోలో పడిన అదే తప్పు.